పకోడి నోరు తెరిచినప్పుడు

2023 జులై. టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్. నేను పనిచేసే జంతువుల క్లినిక్ ఒక స్ట్రిప్ మాల్‌లో చివరి షాపు. పక్కన ఇండియన్ గ్రోసరీ, దాని పక్కన కనుబొమ్మలు దిద్దే పార్లర్. ఆ నెలంతా ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో ఎండ నూరు డిగ్రీల కిందికి దిగలేదు. పార్కింగ్‌లో పెట్టిన కారు స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది. అలాంటి రోజుల్లో కూడా మా వెనక గదిలో దీపాలూ హీటర్లూ వెలుగుతూనే ఉండేవి. మొదటిసారి వచ్చినవాళ్ళు లోపలికి తొంగిచూసి, ఈ ఎండల్లో మళ్ళీ దీపాలేమిటండీ అని అడగడం మామూలే. నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఊరుకోను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది కుక్కల, పిల్లుల ఆసుపత్రి కాదు. మాకు వచ్చేవాటిని ఎగ్జాటిక్స్ అంటారు. బల్లులు, పాములు, తాబేళ్ళు, చిలకలు, అప్పుడప్పుడూ ఒక ముళ్ళపంది. నేను అక్కడ వెట్ టెక్నీషియన్‌ని, అంటే డాక్టరు పక్కన నర్సు చేసే పనులన్నీ చేస్తాను. మన దేశంలో ఒంగోలు దగ్గర గేదెలకు వైద్యం చేసినదాన్ని. ఇక్కడ మళ్ళీ పరీక్షలు రాసి డాక్టరునవుదామని కొన్నాళ్ళు అనుకున్నాను, తర్వాత అనుకోవడం మానేశాను. గేదెను చూసిన కళ్ళతో బల్లిని చూడటం నేర్చుకోవడానికే నాకు చాలా కాలం పట్టింది. ఎందుకంటే రెండింటికీ ఒంటి లెక్కే వేరు.

మనకూ గేదెకూ ఒంట్లోనే పొయ్యి ఉంటుంది. తిన్నదాన్ని కాల్చుకుని వేడి పుట్టించుకుంటాం. ఎక్కువైతే చెమట పట్టి చల్లబడతాం. సరీసృపాలకు ఆ పొయ్యి లేదు. వేడి అంతా బయటినుంచి అప్పు తెచ్చుకోవాల్సిందే. అందుకే వాటి గాజుపెట్టెలో ఒక చివర దీపం పెట్టి బాగా వేడిగా, రెండో చివర చల్లగా ఉంచుతాం. దీపం కింది చోటును బాస్కింగ్ స్పాట్ అంటారు. ప్రాణి తనకు కావలసినంత వేడి పుచ్చుకుని, చాలనుకుంటే చల్లని వైపు వెళుతుంది. మధ్యలో ఒక థర్మోస్టాట్, దాని వైరు చివర ప్రోబ్ అనే చిన్న మొన ఉంటాయి. ఆ మొన వేడిని కనిపెట్టి దీపాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. బియర్డెడ్ డ్రాగన్ అని ఒకటుంది, మన తొండకు పెద్దన్నలాగా ఉంటుంది. దానికి దీపం కింద నూరు డిగ్రీలు దాటిన వేడి కావాలి. మనకైతే జ్వరం వచ్చిందని మాత్ర వేసుకునే వేడి అది. దానికి ఆ వేడి లేకపోతే తిన్న ఆకు కూడా అరగదు.

మాధవి మా క్లినిక్‌కి వచ్చింది గురువారం ఉదయం. పేర్లన్నీ మార్చి రాస్తున్నాను. నలభైకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఖమ్మం వాళ్ళమ్మాయి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం, ఇంట్లోంచే పని. జుట్టు దువ్వుకోలేదు, మెడలో ఆఫీసు హెడ్‌సెట్ అలాగే వేలాడుతోంది. చేతిలో ఒక కూలర్ బ్యాగు, మనవాళ్ళు పిక్నిక్‌లకు పెరుగన్నం పట్టుకెళతారే, అలాంటిది. నా కోటు మీద పేరు చదివి, తెలుగువాళ్ళా అని అడిగి, అవునన్న వెంటనే ఏడ్చేసింది.

"వీడికి బాగా వేడి చేసింది మేడమ్. తొందరగా చూడండి. కార్‌లో ఏసీ మొత్తం వీడి వైపే తిప్పి తీసుకొచ్చిన."

బ్యాగు తెరిచాను. లోపల తడి టవల్, టవల్ కింద గడ్డకట్టిన ఐస్ ప్యాక్, టవల్ మధ్యలో గోధుమరంగు బియర్డెడ్ డ్రాగన్. చెయ్యి పెడితే నా వేళ్ళు జివ్వుమన్నాయి. టెంపరేచర్ గన్ పెట్టి చూశాను. అరవై దాటి కొంచెం. మెడ పైకి చాపి, నోరు సగం తెరిచి ఊపిరి పీలుస్తోంది. పెదవుల అంచున చిన్న చిన్న బుడగలు.

పేరేమిటని అడిగాను. ఫైలుకు అవసరం, పైగా ఆవిడ ఊపిరి తీసుకోవడానికి కాస్త సమయమూ దొరుకుతుంది.

"పకోడి," అంది. "పాప పెట్టింది."

మా డాక్టర్ ఎలెన్ చూసింది. మాట తక్కువ మనిషి. స్టెతస్కోప్ పెట్టి విని, ఎక్స్‌రే తీయించి, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ బాగా ముదిరిందని చెప్పింది. చలిపట్టిన ప్రాణిని ఒక్కసారిగా వేడిలో పెట్టకూడదు, మెల్లగా లేపాలి. ఇంక్యుబేటర్ అనే వెచ్చని పెట్టెలో పెట్టి, ఆక్సిజన్ ఇచ్చి, యాంటిబయాటిక్ ఇంజెక్షన్ చేశాం. అది బతికే అవకాశం ఉందా అని మాధవి అడిగితే, ఉంది కానీ తక్కువ అని డాక్టర్ నిజమే చెప్పింది. పాప ఆదివారం క్యాంప్ నుంచి వస్తుంది, అప్పటికి లేచి తిరుగుతాడా అని మాధవి అడిగింది. డాక్టర్ నా వైపు చూసింది. అలా చూసిందంటే జవాబు తెలుగులో చెప్పమని. చేయగలిగిందంతా చేస్తాం అన్నాను. ఆ మాట నాకే చప్పగా వినిపించింది.

తర్వాతి పని నాది. ఏ ప్రాణి వచ్చినా, దాన్ని ఇంట్లో ఎలా ఉంచుతున్నారో కూర్చోబెట్టి అడగాలి. వేడి, వెలుగు, తేమ, తిండి. మా భాషలో దాన్ని హస్బెండ్రీ అంటారు. మా దగ్గరికొచ్చే రోగాల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంటుంది. మాధవి తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాసుకున్నాను.

వాళ్ళ పాప సహస్రకు పదకొండేళ్ళు. రెండేళ్ళ కిందట కుక్క కావాలని పట్టుబట్టింది. అపార్ట్‌మెంట్‌లో కుక్క ఎక్కడ, ఊళ్ళకు పోయినప్పుడు ఎవరు చూస్తారు అని తల్లి కాదంది. తండ్రి శ్రీకాంత్ మధ్యేమార్గం అనుకుని ఈ తొండను తెచ్చాడు. ఆ రోజు మాధవి వంటింట్లోంచి బయటికి రాలేదట. బల్లి పడితే తలస్నానం చేసి దేవుడి ముందు దీపం పెట్టే ఇంట్లో పుట్టిన మనిషి. కంచిలో బంగారు బల్లిని ముట్టుకొచ్చిన పిన్నిగారు ఆ ఏడాది డాలస్‌కి వస్తే, ఇంటిల్లిపాదినీ ఆవిణ్ణి ముట్టుకోమని వరసలో నిలబెట్టిందట. ఇది చెబుతూ ఆవిడే నవ్వింది. నేనూ నవ్వాను. మా ఇంట్లోనూ అదే వరస కాబట్టి.

పకోడి పాప గదిలోనే ఉండేవాడు. ఉతికిన బట్టలు పెట్టడానికి వెళితే మాధవి తల అటు తిప్పుకుని వెళ్ళి, అలాగే తిరిగొచ్చేదట. ఒక్కసారి ముట్టుకో అమ్మా అని పాప ఎన్నిసార్లు బతిమాలినా చెయ్యి చాపలేదు. పాప అడగడం మానేసింది. తర్వాత్తర్వాత మిగతావి అడగడం కూడా తగ్గించింది. పిల్ల ఇంగ్లీషులో మాట్లాడుతుంది, తల్లి తెలుగులో జవాబు చెబుతుంది, మధ్యలో గది తలుపు. ఇక్కడ చాలా ఇళ్ళలో ఉన్నదే.

ఆ వేసవిలో పాప మూడు వారాల క్యాంప్‌కి వెళ్ళింది. అక్కడ పిల్లల దగ్గర ఫోన్లు ఉండనివ్వరు. శ్రీకాంత్ ప్రాజెక్టు వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో. వారం విడిచి వారం వచ్చి ఒక రోజుండి పోతాడు. కాబట్టి పకోడి బాధ్యత ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్న మనిషి మీదే పడింది. వెళ్ళేముందు పాప చెప్పింది ఒక్కటే. లైట్లు వాటంతట అవే వెలిగి ఆరిపోతాయి, తిండీ నీళ్ళూ పెడితే చాలు, ఇంకేదీ ముట్టుకోవద్దు. ముట్టుకోకుండా ఉండటం కంటే నాకు కావలసిందేముంది అనుకుందట మాధవి.

మొదటి రోజుల్లో ముక్కుకు చున్నీ కట్టుకుని, పొడవాటి పట్టకారుతో ఎండు పురుగులు పడేసి పారిపోయేదట. వాడు తల ఎత్తి చూసేవాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. మెల్లగా ఒకటీ రెండూ మాటలు మొదలుపెట్టింది. తిన్నావా, ఏం చూస్తున్నవ్, మీ అక్క లేదురా. తర్వాత లాప్‌టాప్ పట్టుకుని ఆ గదిలోనే కూర్చుని పని చేసుకోవడం మొదలుపెట్టింది. వాడు గాజుకు ఆనుకుని ఆవిణ్ణే చూస్తూ ఉండేవాడట. కొత్తిమీర ఇష్టమని కనిపెట్టింది. కొత్తిమీర కాడలు వేళ్ళతో పట్టుకుని ఇచ్చింది. ఒకరోజు వాడు కాడతో పాటు వేలి చివర కూడా నాకాడు. ఆ రోజు తలస్నానం చేయలేదని నాతో గొప్పగా చెప్పింది.

ఇంతవరకూ బాగుంది. ఒక మధ్యాహ్నం మీటింగ్ అయ్యాక చూస్తే, దీపం కింద రాయి మీద వాడు కళ్ళు అరమూసి, నోరు బాగా తెరుచుకుని కదలకుండా ఉన్నాడు. బయట నూట నాలుగు డిగ్రీలు. పైన నిప్పులాంటి దీపం. ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

పాపకు ఫోన్ లేదు. శ్రీకాంత్ ఫోన్ ఎత్తలేదు. మనవాళ్ళకు ఇలాంటప్పుడు తోచేది ఒకటే. అపార్ట్‌మెంట్ తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టింది. మా పాప బల్లికి వేడి చేసింది, నోరు తెరుచుకుని ఉంది, ఏం చేయాలి అని. క్షణాల్లో జవాబులొచ్చాయి. పుచ్చకాయ పెట్టండి. సబ్జా గింజలు నానబెట్టండి. కొబ్బరినీళ్ళు మంచివి. పలచటి మజ్జిగ రెండు చుక్కలు నోట్లో వేయండి. తడిగుడ్డ కప్పండి. పాపం మూగజీవం, ఆ దీపం ఎందుకండీ ఈ ఎండల్లో, తగ్గించండి. తలా ఒక చిట్కా. అందరూ మంచివాళ్ళే, అందరూ పిల్లల్ని పెంచినవాళ్ళే. ఆ ప్రాణికి ఎంత వేడి అలవాటు అని ఒక్కరికీ తోచలేదు. తోచడానికి మనకు అలాంటి ప్రాణి ఎప్పుడు పరిచయమైంది కనుక?

మాధవి అన్నీ చేసింది. పుచ్చకాయ ముక్కలు పెట్టింది. మజ్జిగ చుక్కలు వేసింది. నీళ్ళు చిలకరించింది. చివరికి, ముట్టుకోవద్దన్న థర్మోస్టాట్ మీద నంబరును బాగా కిందికి దించింది. కాసేపటికి పకోడి నోరు మూసుకున్నాడు. ఆవిడకు ఎంత సంతోషమంటే, తగ్గిందని గ్రూపులో పెట్టింది. బోలెడన్ని దండాల బొమ్మలు వచ్చాయట.

నేను రాసుకుంటున్న పెన్ను అక్కడ ఆగింది. కానీ ఆవిడ చెబుతూనే ఉంది. ఆ రోజునుంచి వాడు బుద్ధిమంతుడైపోయాడట. అటూ ఇటూ పరుగులు లేవు, గాజు గీకడం లేదు. తిండి కొంచెం తగ్గింది, వేడి చేసినప్పుడు ఎవరికైనా తగ్గుతుందిగా అనుకుంది. పెట్టెలోంచి బయటికి తీస్తే తిన్నగా ఆవిడ చెయ్యి మీదుగా భుజమెక్కి, జుట్టు కింద మెడకు అతుక్కుని పడుకునేవాడట. తీసి కింద పెడితే మళ్ళీ ఎక్కేవాడు. కెమెరా ఆఫ్ చేసుకుని, వాణ్ణి మెడ మీద పెట్టుకునే మీటింగులన్నీ చేసిందట.

"మా పాప కూడా చిన్నప్పుడు అట్లనే పడుకునేది మేడమ్. కరెక్ట్‌గా ఇక్కడనే," అని మెడ పక్కన చూపించింది.

ఆ తర్వాత మళ్ళీ నోరు తెరవడం మొదలైంది. ఈసారి బుడగలు కూడా. వేడి ఇంకా దిగలేదనుకుని ఆవిడ దీపం ప్లగ్గే పీకేసింది. తడిగుడ్డ మార్చి మార్చి కప్పింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్ళు ఊరికే అనలేదు. అప్పటికీ నయం కాలేదు. మర్నాడు ఉదయం కూలర్ బ్యాగులో ఐస్ వేసుకుని మా దగ్గరికి తెచ్చింది.

నేను లేచి లోపలికి వెళ్ళి డాక్టర్‌కి అంతా చెప్పాను. ఎలెన్, వెళ్ళేముందు ఒకసారి పకోడిని చూసుకోమని చెప్పు, తక్కినవి రేపు మాట్లాడవచ్చు అంది. ఆ మనిషి మీద ఈ రోజు ఇంకో బరువు పెట్టవద్దని దాని అర్థం. నాకూ అదే మంచిదనిపించింది. కానీ వెనక గదిలో ఇంకో బియర్డెడ్ డ్రాగన్ ఉందన్న సంగతి మేమిద్దరం మరిచిపోయాం.

అది గోటి దెబ్బతో వచ్చినది, రేపో మాపో ఇంటికి వెళ్ళేది. మాధవిని లోపలికి తీసుకెళితే, పకోడి ఉన్న పెట్టె దాకా వెళ్ళకముందే దాని ముందు ఆగిపోయింది. అది దీపం కింద రాయి మీద బోర్లా పడుకుని, కళ్ళు అరమూసి, నోరు బాగా తెరుచుకుని ఉంది.

"అయ్యో, దీనికి కూడా వేడి చేసిందక్కా. ఎవరూ చూస్తలేరా?"

మేడమ్ పోయి అక్క వచ్చింది. ఆ పిలుపు విన్నాక అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు. ఆవిడ నా ముఖంలోకి చూసింది, మళ్ళీ గాజుపెట్టె వైపు చూసింది.

"లేదమ్మా," అన్నాను. "ఒంటికి కావలసినంత వేడి పట్టాక అవి అలా నోరు తెరుచుకుని కూర్చుంటాయి. హాయిగా ఉన్నట్టు లెక్క."

దాన్ని గేపింగ్ అంటారు. కడుపునిండా భోంచేసినవాడు వాలుకుర్చీలో వెనక్కి వాలినట్టు. చాలా ఎక్కువైందనుకుంటే అదే లేచి చల్లని వైపు వెళ్ళిపోతుంది. ఊపిరితిత్తులు చెడినప్పుడూ నోరు తెరుస్తుంది, కానీ అప్పుడు మెడ చాచి, కష్టపడి తెరుస్తుంది. పకోడి మొదటిసారి తెరిచిన నోరు వేరు, రెండోసారి తెరిచిన నోరు వేరు. చల్లబడ్డ ఒంట్లో తిన్నది అరగక, రోగంతో పోరాడే శక్తి లేక, పైన తడి చేరి, హాయి కాస్తా జబ్బయింది. ఇదంతా ఆ గదిలో నేను చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాలేదు.

గాజు మీద అంటించిన థర్మామీటర్‌లో నంబరు ఆవిడే చదివింది. నూట రెండు. చెయ్యి ఎత్తి దీపం కింద పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది.

"నేను డెబ్బైకి తెచ్చిన," అంది. "మన ఇంట్లో ఏసీ ఎంత ఉంటదో అంత పెట్టిన. మనకు హాయిగా ఉంటది కదా అని."

కుర్చీ తెచ్చి వేశాను. కూర్చోలేదు. పకోడి దగ్గరికి వెళ్ళి ఇంక్యుబేటర్ గాజు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఈసారి ఆవిడ ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో.

నాకు ఆవిడ మీద కోపం రాలేదు. ఈ వృత్తిలో కోపం బాగా వచ్చే మనిషినే నేను. తాబేలును ఫ్రిజ్‌లో పెట్టిన కుర్రాణ్ణి అందరి ముందూ కడిగిపారేసిన రోజులున్నాయి. కానీ మాధవి చేసిన ప్రతి పనీ నా చేతులకు తెలిసిన పనే. మే నెల ఎండలకు సొమ్మసిల్లిన గేదెల మీద నేనూ తడి గోతాలు కప్పినదాన్నే. చలివేంద్రాలు పెట్టే నేల మనది. దీవించాలన్నా నీ కడుపు చల్లగా ఉండాలి అంటాం. ప్రాణంతో ఉన్న దేన్నయినా ప్రేమించడం అంటే దాన్ని చల్లబరచడమే అని మన ఒంట్లో ఇంకిపోయింది. ఆ ప్రేమ పనికిరాని ప్రాణి ఒకటుంటుందని ఎవరు చెప్పాలి ఆవిడకు?

నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి ఒకటుంది. ఆవిడ అసహ్యం అసహ్యంగానే మిగిలి ఉంటే పకోడి బతికేవాడు. ముక్కుకు చున్నీ కట్టుకుని, పట్టకారుతో తిండి పడేసి, తల తిప్పుకుని వచ్చేసినంతకాలం వాడు రాజాలా ఉన్నాడు. ఎప్పుడైతే వాడు తన బిడ్డలా కనిపించాడో, అప్పుడు వాణ్ణి తన బిడ్డను చూసుకున్నట్టు చూసుకుంది.

శుక్రవారం కాస్త కదిలాడు. శనివారం మధ్యాహ్నం, మేం నెబ్యులైజర్‌తో మందు ఆవిరి పడుతుండగానే పోయాడు. నేనే మాధవికి ఫోన్ చేశాను. గంటలో వచ్చింది. తీసుకెళ్ళడానికి పాత పట్టుచీర ముక్క ఒకటి తెచ్చింది. దాన్ని మడతలు పెడుతూ, పాపకి ఏం చెప్పమంటారు అని అడిగింది.

ఇన్ఫెక్షన్ వచ్చిందని చెప్పండి, అది నిజమే కదా అన్నాను.

"మొత్తం నిజమా అక్కా?"

కాదన్నాను. ఆవిడ తల ఊపింది. పకోడిని సోమవారం దాకా మా దగ్గరే ఉంచమని, పాపను తీసుకుని వస్తానని చెప్పింది. ఇంట్లోనే చెప్పవచ్చు కదా అంటే, చెప్పేటప్పుడు ఎక్కడన్నా తడబడి చిన్నగా చేసి చెబుతానేమోనని భయంగా ఉంది, మీరు పక్కనుంటే అట్ల చేయలేను అంది.

సోమవారం సహస్ర వచ్చింది. క్యాంప్‌లో ఇచ్చిన నారింజరంగు టీషర్టు, ఎండకు కమిలిన ముక్కు. అప్పటికే పకోడి లేడని తెలుసు, ఎందుకన్నది తెలియదు. చిన్న గదిలో ముగ్గురం కూర్చున్నాం. మాధవి తెలుగులో మొదలుపెట్టింది. నోరు తెరవడం, వాట్సాప్, మజ్జిగ, నంబరు దించడం, ప్లగ్గు పీకడం. ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించలేదు. పిల్లకు కొన్ని మాటలు అర్థం కాక నా వైపు చూస్తే నేను ఇంగ్లీషులో చెప్పాను. ఈ ఉద్యోగంలో నేను చేసిన అనువాదాల్లో అంత కష్టమైనది మరొకటి లేదు.

సహస్ర అరుస్తుందని, లేచి వెళ్ళిపోతుందని నేను అనుకున్నాను. మాధవి కూడా అదే అనుకున్నట్టుంది, కుర్చీ అంచున కూర్చుని ఉంది. పిల్ల తల్లి వైపు తిరిగి అడిగింది.

"అమ్మా, యూ టచ్డ్ హిమ్? నువ్వు వాణ్ణి ముట్టుకున్నావా?"

"ముట్టుకున్న రా. రోజూ ఎత్తుకున్న."

"షోల్డర్ మీద కూర్చున్నాడా?"

"ఇక్కడ," అని మాధవి మెడ పక్కన చెయ్యి పెట్టుకుంది.

"వాడు నా దగ్గర కూడా అంత సేపు కూర్చోడు," అంది సహస్ర. అప్పుడు ఏడ్చింది. తల్లి చెయ్యి చాపితే రాలేదు, కానీ దూరంగానూ జరగలేదు. వెళ్ళేటప్పుడు పట్టుచీర మూటను ఇద్దరూ చెరో వైపు పట్టుకుని తీసుకెళ్ళారు.

పిల్లకు తెలియనిది నాకు తెలుసు. డెబ్బై డిగ్రీల గదిలో, ఆరిన దీపం కింద, ఆ ప్రాణికి అందుబాటులో ఉన్న వెచ్చని చోటు ఒక్కటే. తొంభై ఎనిమిది డిగ్రీల మనిషి మెడ. వాడు చలికి ఎక్కాడు. ఆ రోజు నేనా మాట అనలేదు, అననందుకు బాధ కూడా లేదు.

ఈ కేసు తర్వాత నేను పనిచేసే పద్ధతి కొంత మారింది. ఒక పిల్లో పిల్లాడో బల్లిని పట్టుకుని వస్తే, మీరు లేనప్పుడు ఇంట్లో ఎవరుంటారు అని మొదట అడుగుతాను. అమ్మ అంటే అమ్మను, నాయనమ్మ అంటే నాయనమ్మను లోపలికి పిలుస్తాను. బయట కార్లో కూర్చుని ఉంటే వెళ్ళి తీసుకొస్తాను. వాళ్ళ చెయ్యి పట్టుకుని దీపం కింద పెట్టి, ఇంత వేడి ఉండాలి అని చెబుతాను. నోరు తెరిచి హాయిగా కూర్చున్న ప్రాణిని చూపించి, దీన్ని చూస్తే మీకు జాలేస్తుంది, జాలిపడకండి అంటాను. కొందరు నవ్వుతారు. కొందరు ఈవిడకేమైనా తిక్కా అన్నట్టు చూస్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లాంటిదే ఇది, నాకు తెలుసు. పకోడికి అందలేదు కదా.

ఆ ఏడాది చలికాలంలో పక్క గ్రోసరీలో కూరగాయల దగ్గర మాధవి కనబడింది. సహస్ర ఎలా ఉందని అడిగాను. బానే ఉందక్కా, ఇంకోటి తెచ్చుకుందామంటే వద్దంటోంది అని చెప్పింది. గది తలుపు మాత్రం ఇప్పుడు పూర్తిగా వేసుకోవడం లేదట, కొంచెం తీసే ఉంచుతోందట. నేను వంకాయలు ఏరుకుంటున్నాను. ఆవిడ కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని, బుట్టలో వేయకుండా నిలబడి ఉంది.

"ఒకటి అడుగుత, నిజం చెప్పాలె మీరు," అంది. "వాడు నా మెడ ఎక్కింది ప్రేమతోటి కాదు కదా. వెచ్చదనానికే కదా."

ఎప్పటినుంచి మోస్తోందో ఆ ప్రశ్నను. బహుశా ఇంటర్నెట్‌లో చదివి ఉంటుంది, తెలివైన మనిషి. ఒకసారి పిల్ల కోసం నేను మింగిన మాటను ఇప్పుడు తల్లి కోసం మళ్ళీ మింగడానికి మనసొప్పలేదు. ఆవిడ నా ముందు ఏదీ తగ్గించి చెప్పలేదు మరి.

"అవునమ్మా," అన్నాను. "వెచ్చదనానికే."

మాధవి కొత్తిమీర కట్టకున్న రబ్బరుబ్యాండు సరిచేసింది. దాన్ని బుట్టలో వేసుకుంది.

"పోనీలెండి," అంది. "నా దగ్గరన్నా కొంచెం దొరికింది వాడికి."